సీరియల్ సాగితే తిట్లు ఎవరికి?

(మహారాష్ట్రలోని బల్లార్షాలో తెలుగువాళ్ళ సాయంత్ర సభలో ఒక కేబుల్ ఆపరేటర్ చేసిన ప్రసంగం. రికార్డు విని రాసిన పాఠం.)

పెద్దలకు, అన్నలకు దండాలు. ముందు వరుసల కూసున్న అక్కలకు, అమ్మలకు ఇంకో దండం ఎక్కువ. సీరియళ్ళు నడిచే టైముకు ఇల్లు వదిలి వచ్చిండ్రు, అది మామూలు సంగతి కాదు. (నవ్వులు) రాత్రికి హాట్‌స్టార్‌ల చూసుకుంటరు, నాకు తెల్వదా!

నన్ను మాట్లాడమన్నోళ్ళు సాహిత్యం మీద మాట్లాడమనలే. మంచిదైంది. నేను తీగలు లాగేటోణ్ని. ఎవరింట్ల ఏ చానల్ నడుస్తదో నాకు తెలుసు, ఎవరు ఎప్పుడు ఫోన్ జేస్తరో అంతకంటె బాగ తెలుసు. వానకు సిగ్నల్ పోతే క్రికెట్ చూసేటోళ్ళు రెండు తిట్లు తిట్టి ఊకుంటరు. సీరియల్ చూసేటోళ్ళు సిగ్నల్ వచ్చేదాక చేస్తరు, వచ్చినంక కూడ చేస్తరు, "నడుమ ఏమైందిరా అయ్యా" అని. దాంతోటి నేను కూడ చూసుడు మొదలువెట్టిన. లేకపోతే ఏమని జవాబు చెప్పాలె?

ఇన్నేండ్లు ఫోన్ల విన్న మాట ఒక్కటే. "ఆ డైరెక్టర్‌గాడు సాగదీస్తుండు." మంచి పిల్లను ఏడిపిస్తే డైరెక్టర్, సచ్చినోణ్ని బతికిస్తే డైరెక్టర్, సంక్రాంతి అయిపోయిన నెలకు సంక్రాంతి ముగ్గులు చూపెడితే డైరెక్టర్. ఇది మనకు సినిమా నుంచి వచ్చిన అలవాటు. సినిమాల డైరెక్టరే దేవుడు, కాబట్టి సీరియల్‌ల కూడ అంతే అనుకుంటం. కాదు. మన తిట్లు చాలామట్టుకు తప్పు ఇంటి తలుపు కొడుతున్నయి, అదే చెప్దామని వచ్చిన.

ఈ సంగతి హైదరాబాద్‌ల ఉన్నోళ్ళ కంటె మనకే ముందు తెల్వాలె. ఎందుకంటే, మనింట్ల ఒకే కథ రెండు భాషలల్ల నడుస్తది. 2019ల ట్రాయ్, అంటే కేబుల్‌కు రూల్స్ పెట్టే సర్కారు సంస్థ, కొత్త రూలు తెచ్చినప్పుడు ఏ చానల్ కావాల్నో మీరే టిక్కు పెట్టాలె అని కాగితాలు పంచినం గదా. మన బస్తీలల్ల టిక్కులు ఎట్ల పడ్డయో చూస్తే నవ్వొచ్చింది. తెలుగు స్టార్ మా, మరాఠీ స్టార్ ప్రవాహ్, రెండూ. అత్తకు మా, కోడలికి ప్రవాహ్. కరీంనగర్ నుంచి, ఆసిఫాబాద్ నుంచి బొగ్గుబాయిలకు, పేపర్ మిల్లుకు వచ్చిన కుటుంబాలు మనవి. పిల్లలు చదివేది మరాఠీ బడి, కోడలు రాజురా నుంచో వరోరా నుంచో వచ్చింది. ఇంకెట్ల ఉంటది మరి!

ఇప్పుడు అసలు కథ వినుండ్రి. స్టార్ మాల 'ఇంటింటి గృహలక్ష్మి' 2020 ఫిబ్రవరిల మొదలైంది. దానికి కొంచెం ముందే, 2019 డిసెంబర్‌ల, ప్రవాహ్‌ల 'ఆయీ కుఠే కాయ్ కర్తే' వచ్చింది. ఇక్కడ తులసి, నందు, లాస్య. అక్కడ అరుంధతి, అనిరుద్ధ, సంజనా. ఇంటెడు చాకిరి చేసే ఇల్లాలు, ఆఫీసుల ఇంకో ఆడిదాన్ని మరిగిన మొగుడు, తల్లిని లెక్కచెయ్యని పిల్లలు. అత్త తెలుగు చూసి ఏడ్చేది, కోడలు మరాఠీ చూసి ఏడ్చేది. ఇద్దరు ఒకే ఆమె కోసం ఏడుస్తున్నరని వాళ్ళకు తెల్వడానికి కొన్ని నెలలు పట్టింది. (నవ్వులు)

తెలిసినంక కొట్లాట షురువైంది. "మా తులసి అయితే గట్ల అననే అనది." "ఆమ్చీ అరుంధతి ఇట్ల ఊకుంటదా?" నేను బిల్లు వసూలుకు పోతే నన్ను నడుమ కూసోబెట్టి పంచాయితి. చహా ఇచ్చిండ్రు కాబట్టి కూసున్న.

ఆ పంచాయితిల ఒకటి అర్థమైంది. రెండిట్ల కలిసేది ఒకరి పని, కలవనిది ఇంకొకరి పని. మొగుని మోసం, ఇల్లాలు ఇల్లు దాటుడు, సొంత కాళ్ళ మీద నిలబడుడు, ఈ గీత రెండిట్ల ఒకటే. ఆ గీత గీసింది తెలుగామె కాదు, మరాఠామె కాదు. బెంగాల్ల లీనా గంగోపాధ్యాయ్ అని రచయిత్రి ఉన్నది. 2019ల స్టార్ జల్సాల 'శ్రీమొయీ' అని ఆమె రాసింది. అదే హిందీల 'అనుపమా', తమిళంల 'బాక్యలక్ష్మి', మలయాళంల 'కుడుంబవిళక్కు' అయ్యింది. ఒకే తాను బట్ట, దర్జీలు వేరు. బట్ట బాగలేకుంటే దర్జీని తిడితే ఎట్ల?

గాని దర్జీల పని తక్కువ పని అని కాదు నేననేది. మన అత్తాకోడళ్ళు కొట్లాడింది దాని మీదనే. తులసి మాట మెత్తగ ఉంటది, కోపం వచ్చినా సామెత చెప్పినట్టే వస్తది. అరుంధతి ఊకుంటది, ఊకుండి ఊకుండి ఒకరోజు నాలుగు ముక్కలు చెప్తది, ఇంటి గోడలు కదుల్తయి. ఆ తేడా మాటలు రాసినోళ్ళది. ఒక చెంపదెబ్బను మూడుసార్లు, మూడు దిక్కుల నుంచి, ఢాం ఢాం అని చూపెట్టుడు డైరెక్టర్, ఎడిటర్ల పని. అది తిట్టాలంటే తిట్టుండ్రి, నేను అడ్డం రాను. ఆ చెంపదెబ్బ కథల ఎందుకు పడ్డది అంటే మాత్రం వాళ్ళను అడగొద్దు.

కథ ఇట్ల రాష్ట్రాలు దాటి ఎందుకు తిరుగుతదని కొందరు అడిగిండ్రు. పెద్ద రహస్యం ఏం లేదు. ఈ చానళ్ళన్నీ ఒకే కంపెనీవి. మా టీవీని స్టార్ కంపెనీ 2015ల కొన్నది. అంతకు ముందు మా టీవీల హిందీ సీరియళ్ళు తెలుగు గొంతు పెట్టి వచ్చేవి. 'చిన్నారి పెళ్ళికూతురు' యాదికుందా? ఆనంది మాట తెలుగు, పెదాలు హిందీ. ఇట్లైతే మా పొట్టకొచ్చిందని తెలుగు టీవీ కళాకారులు ధర్నాలు కూడ చేసిండ్రు. ఇప్పుడు డబ్బింగ్ తగ్గింది, నటులు మనోళ్ళే, ఇల్లు మన ఇల్లే, కథ మాత్రం గోదాముల నుంచి వస్తది. నటులకు పని దొరికింది. తెలుగుల కథ రాసేటోళ్ళకు దొరికిందా? దాని గురించి ఎవ్వరు ధర్నా చెయ్యలే.

'కార్తీకదీపం' తీసుకోండ్రి. మన ఊర్ల దాని మీద జరిగినంత వాదన ఎలక్షన్ల మీద జరగలే. అది మలయాళంల 'కరుత్తముత్తు', 2014ది. తెలుగుల 2017 అక్టోబర్‌ల వచ్చింది. హీరోయిన్ ప్రేమి విశ్వనాథ్, అక్కడా ఇక్కడా ఆమెనే. మరాఠీల 2019ల 'రంగ్ మాఝా వేగళా' అని తీసిండ్రు, అక్కడ కూడ పేరు దీపనే, మొగుడు కూడ డాక్టర్ కార్తీకే. అక్కడ దీప వేసిన రేష్మా షిండే తెల్లటి మనిషి. మొహానికి, చేతులకు నల్ల రంగు పూసి నిలబెట్టిండ్రు. నల్లగున్న ఆడపిల్ల పడే బాధ మీద కథ, ఆ పాత్రకు నల్లటి పిల్ల పనికిరాదు! మా పక్కింటి మరాఠీ కాకూ దీనికి డైరెక్టర్‌ను తిట్టింది. నేను కాదన్న. పాత్రకు మనిషిని ఒప్పుకునేది చానల్, నిర్మాత. డైరెక్టర్ చెప్పొచ్చు, ఆఖరి మాట ఆయనది కాదు.

ఇగ 2022. మార్చిల మన 'కార్తీకదీపం'ల వంటలక్క దీప, డాక్టర్ బాబు కార్తీక్ ఇద్దరు కారు ప్రమాదంల పోయిండ్రు. కథ పిల్లల కాలానికి దుమికింది. ఆ వారం నా ఫోన్ మీకు తెల్వదు. కేబుల్ పైసలు కట్టనే కట్టం అన్నోళ్ళు కూడ ఉన్నరు, నేనే చంపినట్టు. (నవ్వులు, చప్పట్లు) డైరెక్టర్ కాపుగంటి రాజేంద్ర గారికి ఎన్ని శాపనార్థాలు పడ్డయో! కొన్ని నెలలకు ఇద్దరు బతికి తిరిగొచ్చిండ్రు. మళ్ళ తిట్లు, "సిగ్గులేదా, సచ్చినోళ్ళను ఎట్ల తెస్తవ్" అని. చంపినా ఆయననే, బతికించినా ఆయననే తిట్టిండ్రు. నేననేది ఏందంటే, అంత పెద్ద మలుపు ఒక్క మనిషి పొద్దున్నే లేచి నిర్ణయం తీసుకునేది కాదు. చానల్ ఒప్పుకోకుంట హీరోయిన్ చావది, రేటింగ్ పడకుంట లేవది.

రేటింగ్ అంటే గురువారం. బార్క్ వాళ్ళు వారం లెక్కలు గురువారం పెడతరు. కొన్ని ఇండ్లల్ల మీటర్లు పెట్టి, ఏం చూస్తున్నరో చూసి, దాన్నే దేశం చూసినట్టు లెక్క గడతరు. పాత్ర బతుకు, చావు, సవతి ఎన్నాళ్ళు ఇంట్ల ఉంటది, పెండ్లి ఈ వారమా వచ్చే నెలనా, అన్నీ ఆ అంకెల చుట్టే తిరుగుతయి. ఇక్కడ మన బల్లార్షాకు ఒక తమాషా ఉన్నది, జర మనసుపెట్టి వినుండ్రి. తెలుగు చానళ్ళు గొప్పగ చెప్పుకునే రేటింగ్ ఆంధ్ర, తెలంగాణ మార్కెట్‌ది. మనం మహారాష్ట్రల ఉన్నం. మనం ఎంత చూసినా, ఎంత ఏడ్చినా, టీవీ ముందు అగర్‌బత్తీ ముట్టించినా ఆ లెక్కల పడం. తులసి బతుకు మీద మన ఓటు లేదు. అరుంధతి మీద ఉన్నది, ఎందుకంటే అది మహారాష్ట్ర లెక్క. మీ కోడలి ఏడుపుకు ధర ఉన్నది అత్తమ్మా, నీ ఏడుపుకు లేదు. (నవ్వులు)

ఈ పంచాయితి మనకు కొత్త, అమెరికాల చాన పాతది. అక్కడ మధ్యాహ్నం సీరియళ్ళది ఒకప్పుడు పెద్ద ప్రపంచం. రేడియోల మొదలైంది. సబ్బుల కంపెనీలు పైసలు పెట్టేవి, ఇంట్ల ఉండే ఆడోళ్ళు వింటరని. ఇర్నా ఫిలిప్స్ అని షికాగో టీచరమ్మ, 1930ల డబ్ల్యూజీఎన్ రేడియోకు 'పెయింటెడ్ డ్రీమ్స్' అని రోజువారి కథ రాసింది. బాగ నడిచింది. దాన్ని పెద్ద నెట్‌వర్క్‌కు తీసుకపోత అన్నది. రేడియో వాళ్ళు కథ మాది అన్నరు. కోర్టుకు పోయింది, ఓడిపోయింది. అప్పటి నుంచి రాసిన కథల మీద హక్కు తన చేతుల ఉంచుకునుడు నేర్చుకున్నది. ఆమె మొదలువెట్టిన 'గైడింగ్ లైట్' 1937ల రేడియోల వచ్చి, 1952ల టీవీకి ఎక్కి, 2009ల ఆగింది. డెబ్బై రెండేండ్లు! మనోళ్ళు సాగదీస్తున్నరంటే నాకు అదే యాదికొస్తది.

అక్కడ సీరియల్ చూసేటోళ్ళు ముందు తిట్టేది రచయితను. హెడ్ రైటర్ అని ఒకరు ఉంటరు. ఆరు నెలలు, ఏడాది కథ ఎటు పోవాల్నో వాళ్ళు గీస్తరు. వాళ్ళ కింద ఏ రోజు ఏం జరగాల్నో విడదీసేటోళ్ళు, వాళ్ళ కింద మాటలు రాసేటోళ్ళు. డైరెక్టర్లు ఒకరి తర్వాత ఒకరు వంతులు. సోమవారం ఒకరు, మంగళవారం ఇంకొకరు. అట్లాంటప్పుడు డైరెక్టర్‌ను ఏమని తిడతరు? హెడ్ రైటర్ మారితే పాత్రల గుణం మారుతది, చూసేటోళ్ళు పట్టేస్తరు, "ఇది ఫలానా ఆమె రాసినప్పటి కథ కాదు" అని. వాళ్ళకు సీరియళ్ళ కోసమే 1975 నుంచి ఒక పత్రిక నడిచింది, అందుల రచయితల పేర్లు పెట్టి వాదించేటోళ్ళు.

ఆగ్నెస్ నిక్సన్ అని, ఇర్నా ఫిలిప్స్ దగ్గర పని నేర్చుకున్నామె. 1962ల 'గైడింగ్ లైట్'ల ఒక పాత్రకు గర్భాశయ క్యాన్సర్ వచ్చినట్టు, పరీక్ష చేయించుకుంటే ముందే దొరికినట్టు రాయాలనుకున్నది. పైసలిచ్చే సబ్బు కంపెనీ, చానల్ కలిసి ఒక షరతు పెట్టినయి. రాసుకో, గాని క్యాన్సర్ అనే మాట వాడొద్దు, గర్భాశయం అనే మాట వాడొద్దు. ఆమె ఆ మాటలు లేకుంటనే రాసింది. చూసినోళ్ళకు అర్థమైంది. చెప్పుండ్రి, అందుల డొంకతిరుగుడు మాట కనబడితే తప్పు రచయితదా? మనింట్ల కూడ టీవీల ఒక పాత్ర చెప్పాల్సింది చెప్పకుంట గుడ్లల్ల నీళ్ళు తీసుకుంటే, నాకు ఆ షరతు లాంటిదేమన్న ఉన్నదేమో అనిపిస్తది.

ఇంకొకటి చెప్పి అమెరికా వదిలేస్త. 'జనరల్ హాస్పిటల్' అనే సీరియల్ మూతపడే కాడికి వచ్చినప్పుడు 1978ల గ్లోరియా మాంటీ అనే నిర్మాత చేతుల పెట్టిండ్రు. నడక పెంచింది, చిన్న వయసు పాత్రలను ముందుకు తెచ్చింది. అందుల ల్యూక్, లారా అనే పాత్రల పెండ్లి 1981 నవంబర్‌ల పెడితే మూడు కోట్ల మంది చూసిండ్రు. అంతకు రెండేండ్ల ముందు అదే ల్యూక్ అదే లారా మీద అత్యాచారం చేసినట్టు చూపించిండ్రు. తర్వాత దాన్నే ప్రేమ అన్నరు. రాసినోళ్ళ తప్పా, తీసినోళ్ళ తప్పా, చప్పట్లు కొట్టిన జనం తప్పా అని వాదన ఇప్పటిదాక తెగలే. తెగొద్దు కూడ. మన సీరియళ్ళల్ల చెంపమీద కొట్టిన మొగుణ్ని పదిహేను ఎపిసోడ్లకు మంచోణ్ని చేస్తరు, మనం ఒక్క మాట అడగం. "అబ్బ, మారిండు" అనుకుంటం.

తెలుగుల రాసినోళ్ళ పేరు, తీసినోళ్ళ పేరు జనం నోట్ల నానుడు లేదా అంటే ఉన్నది. మంజులా నాయుడు. దూరదర్శన్ల 'ఋతురాగాలు', తర్వాత జెమినీల 'చక్రవాకం', 2008 నుంచి 'మొగలిరేకులు'. ఆమె తోడబుట్టిన బిందు నాయుడు కూడ ఆ సీరియళ్ళ వెనుక ఉన్నది. మా గల్లీల ఆటో నడిపే తమ్ముడు కూడ "మంజులా నాయుడు సీరియల్" అనేటోడు, 'మొగలిరేకులు' హీరో ఆర్.కె. నాయుడు పేరు ఆటో అద్దం మీద రాయించుకున్నడు. అది రీమేక్ కాదు, ఆ మనుషుల మాటతీరు ఒక చెయ్యి నుంచే వచ్చినట్టు తెలిసేది. పొగిడినా ఆమెనే, తిట్టినా ఆమెనే. ఆ తిట్టుకు ఒక ఇంటి నంబర్ ఉండె.

ఇప్పుడు ఆ పేర్లు చదివేది ఎవరు? సీరియల్ ముందు కథ, కథనం, మాటలు, దర్శకత్వం అని వరుసగ పడతయి, అంత జోరుగ పోతయి. ఫోన్ల అయితే ఇంట్రో దాటేసే బటన్ పెట్టిండ్రు, బొటనవేలుతోటి నలుగురి పేర్లు ఎగిరిపోతయి. నేను కూడ నొక్కుత, అబద్ధం ఎందుకు.

(సభలోంచి ఒక మహిళ: "అవన్నీ సరేగని అన్నా, సాగదీసుడు ఎవరిది? అది చెప్పు.")

చెప్త అక్కా. అరగంట సీరియల్‌ల యాడ్లు తీసేస్తే ఇరవై రెండు నిమిషాల బొమ్మ కావాలె, ఆరు రోజులకు ఆరు. ఒక ఆర్టిస్టుకు డేట్లు లేవు, ఆ పాత్ర అమెరికా పోతది, లేకపోతే కోమా. చేతుల ఎపిసోడ్లు తక్కువ పడితే రెండు యూనిట్లు పెట్టి ఒకేసారి తీస్తరు, ఒక యూనిట్‌ల డైరెక్టర్ ఉండనే ఉండడు. 2020 లాక్‌డౌన్‌ల షూటింగ్‌లే ఆగినయి. ఇవన్నీ తెర మీదికి వచ్చేసరికి మనకు కనబడేది ఏడుపు మొహం, జూమ్, గాలికి కదిలే తెర. కథ ముందుకు పోవద్దనే నిర్ణయం మాత్రం చానల్‌ది. నడుస్తున్న బండి ఎందుకు దిగుతరు? నడవనప్పుడు 'ఆయీ కుఠే కాయ్ కర్తే'ను చివరి నెలల్ల మధ్యాహ్నానికి నెట్టిండ్రు, 2024ల ముగించిండ్రు. మనకు మధ్యాహ్నం చూసేటోళ్ళు తక్కువనా? ఫస్టు షిఫ్టు దిగి బొగ్గు కడుక్కొని వచ్చిన మొగోళ్ళు చూస్తరు, "మేం చూడం" అనుకుంటనే.

(ఇంకో మహిళ: "తులసికి సామ్రాట్‌తోటి పెండ్లి ఎందుకు చెయ్యలే?")

ఇగో, దీని కోసమే మీరందరు వచ్చింది. (నవ్వులు) నేను ఇందాక చెప్పిన లెక్క ఇక్కడ చెడిపోతది. కలిసేది కథ రాసినామెది, కలవనిది మాటలు, డైరెక్టర్‌ది అన్న గదా. బెంగాలీల శ్రీమొయీకి రోహిత్‌తోటి పెండ్లైంది. హిందీ అనుపమకు అనుజ్‌తోటి. మరాఠీ అరుంధతికి ఆశుతోష్‌తోటి. తెలుగుల సామ్రాట్ వచ్చిండు, అండగ నిలిచిండు, తాళి మాత్రం కట్టలే. ఇది మాటల తేడా కాదు, కథనే మారింది. అంత పెద్ద మార్పు మాటలు రాసే మనిషి చేతుల ఉండది. నా లెక్కల ఇది చానల్ భయం. తెలుగు ఇండ్లల్ల పిల్లలు పెద్దగైన ఆమె మళ్ళ పెండ్లి చేసుకుంటే ఒప్పుకోరని ఎవరో ఒక గదిల కూసోని అనుకున్నరు. మరాఠోళ్ళు ఒప్పుకుంటరట, మనోళ్ళు ఒప్పుకోరట. మన బల్లార్షాల రెండు రకాలోళ్ళు ఒకే సోఫాల కూసోని చూసిండ్రు. ఒక అత్తమ్మ, తెలుగామెనే, అరవై దాటిన మనిషి, మరాఠీల పెండ్లి చూసి అక్షింతలు లేవని బియ్యం గింజలు టీవీ మీద చల్లింది. ఆమెను ఎవ్వరు అడగలే.

(వెనుక వరుసల్లోంచి ఒకాయన: "అడిగితే నేనైతే వద్దనే అంటుండె. తులసి చెయ్యకపోవుడే కరెక్టు.")

ఏం తప్పు లేదు కాకా. నువ్వు వద్దంటవ్, ఆమె కావాలంటది. రాసినోళ్ళకు రెండు మాటలు చేరాలె, డైరెక్టర్‌ను తిడితే ఒక్కటి కూడ చేరది. పైకి రాండ్రి, మైకు మీకే ఇస్త. ఎందుకు వద్దో చెప్పుండ్రి, ఆ అత్తమ్మ కూడ ఇక్కడనే ఉన్నది, ఆమె తర్వాత మాట్లాడుతది.